అడ్డపొగ

మహానంది కోనేట రూక వైచిన అడుగున స్పష్టముగా నగపడును. అట్టి తేటనీట మునిగినవారే వెలుపలికి వచ్చి చుట్టయో బీడీయో ముట్టించుట మనము చూచుచున్నాము. ఈ పొగాకు మన పూర్వులది కాదు; పోర్చుగీసువారు తెచ్చినది. అయినను శ్రీకాకుళ, విశాఖ సీమలలో అది యొక వింత యాచారమునకు దారితీసినది. అచటి పల్లెలలో స్త్రీలు పెక్కండ్రు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి త్రాగుదురు. గాలికి చుట్ట ఆరదు, నిజమే. కాని వేడిమి యెల్ల నంగిటికే.

వైద్యులు అయిదు జిల్లాలలో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1969లో వివరములు ప్రకటించిరి. అందు శ్రీకాకుళ మొకటి. ఇతరత్ర అరుదైన అంగిటి క్యాన్సరు అడ్డపొగ త్రాగువారియందే విశేషము. 2003 నాటి శాసనము బహిరంగ స్థలములందు ధూమపానమును నిషేధించినది. వంటింటి పొగకు అది తగులునా? మానినచో అంగిటి మచ్చలు తగ్గుటయు కలదు. ఈ మాట ఆ యవ్వలకు చెప్పవలసినవారు ఇంటి కోడండ్రే యని మేమందుము.