పదివేలకు ఒక్క డాలర్

తెల్ల కుందేలు. మెడదాకా పెట్టెలో బిగించారు. తల ఒక్కటే బయట. కాలు లేపి కన్ను తుడుచుకుందామన్నా వీల్లేదు. తెల్ల కోటు మనిషి కింది రెప్ప లాగాడు. చుక్క షాంపూ పోశాడు. రెప్పలు మూసి పట్టుకుని, వదిలాడు. రెండో కంటి జోలికి పోలేదు. పోల్చి చూడ్డానికి అదుండాలి. ఒకరోజు గడిచింది. రెండు. మూడు. వచ్చినప్పుడల్లా కన్ను తెరిచి, ఎరుపెంత, వాపెంత, నల్లగుడ్డు మీద పొర ఎంత కమ్మిందని మార్కులు వేసుకున్నాడు. ఈ పరీక్షలో మార్కులు పెరిగితే చూపు తరుగుతున్నట్టు.

దీని పేరు డ్రెయిజ్ పరీక్ష. 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త జాన్ డ్రెయిజ్ రాసిపెట్టిన పద్ధతి. కుందేలుకి కన్నీళ్లు తక్కువ. పడింది తొందరగా కొట్టుకుపోదు. అందుకే దానికి ఈ గతి. మూడు దశాబ్దాలు దాటినా ఆ పెట్టె అలాగే ఉంది. దాని మీద కన్నేసిన మనిషి మాత్రం శాస్త్రవేత్త కాదు.

హెన్రీ స్పైరా న్యూయార్క్‌లో బడిపంతులు. పేద పిల్లలకి ఇంగ్లీషు చెబుతాడు. 1927లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో పుట్టి, సరుకు ఓడల్లో కూలికి తిరిగి, జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో కార్లు బిగించి, నల్లజాతి వాళ్ల హక్కుల పోరాటం గురించి అమెరికా దక్షిణాది ఊళ్లకు వెళ్లి పత్రికలకు రాసి, చివరికి సుద్దముక్క పట్టుకున్న ఆ మనిషి ఇంటికి, ఊరు విడిచి వెళ్తూ స్నేహితులెవరో ఒక పిల్లిని వదిలి వెళ్లారు. ఒళ్లో ఒక జంతువు. కంచంలో ఇంకొకటి. అదెలా కుదురుతుంది? పీటర్ సింగర్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడి తరగతిలో చేరాడు. 1977కల్లా అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పిల్లుల మీద చేసే ప్రయోగాలను రోడ్డు మీద నిలబడి ఆపించాడు. తర్వాత ఎవరు?

రెవ్లాన్. లిప్‌స్టిక్కుల సామ్రాజ్యం.

స్పైరా చేతిలో ఒక ఆయుధం ఉంది. 1971లో వచ్చిన ఒక పరిశోధన పత్రం. ఇరవైకి పైగా ప్రయోగశాలల్లో ఒకే సరుకులకు డ్రెయిజ్ పరీక్ష చేయించారు. ఒక చోట ప్రమాదం లేదని తేలింది ఇంకో చోట తీవ్రమైన మంటగా తేలింది. అంటే కుందేలు కన్ను పోతోంది. మనిషి కంటికి భరోసా రావట్లేదు. కంపెనీతో మాటలకి కూర్చున్నప్పుడు ఆయన మానేయండి అనలేదు. ఇంకేదో అడిగాడు.

మీ రాబడిలో నూటికి ఒక వంతు. అందులో మళ్లీ నూరో వంతు. పదివేల డాలర్లకు ఒక్క డాలర్. కుందేలు అక్కర్లేని పరీక్ష కనిపెట్టే పరిశోధనకు అది ఇవ్వండి చాలు.

కంపెనీ వాళ్లు మర్యాదగా విన్నారు. కాగితాలు తీసుకున్నారు. ఏడాది దాటింది. డాలర్ రాలలేదు.

1980 ఏప్రిల్ 15. పొద్దున్నే న్యూయార్క్ టైమ్స్ తెరిచినవాళ్ల చేతిలో కాఫీ ఆగిపోయింది. పేజీ నిండా ప్రకటన. రెండు గాజు సీసాల పక్కన తెల్ల కుందేలు. రెండు కళ్ల మీదా ప్లాస్టర్. అందం కోసం రెవ్లాన్ ఎన్ని కుందేళ్లను గుడ్డివి చేస్తోందని పైన పెద్ద అక్షరాల్లో ప్రశ్న. పెగీన్ ఫిట్జ్‌జెరాల్డ్ నడిపే మిలీనియం గిల్డ్ డబ్బు పెట్టింది. రెవ్లాన్‌కు ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. అసలు దెబ్బ మే నెలలో పడింది.

ఫిఫ్త్ అవెన్యూ. రెవ్లాన్ ఆఫీసు ఉన్న భవనం పేరు జనరల్ మోటార్స్ బిల్డింగ్. ఒకప్పుడు ఆ కంపెనీకే కార్లు బిగించిన మనిషి ఇప్పుడు దాని గుమ్మం ముందు జనాన్ని నిలబెట్టాడు. వందలమంది. కొందరు కుందేలు వేషాల్లో, పొడుగు చెవులతో. కెమెరాలు తిరిగాయి. పైఅంతస్తుల్లో ఉన్నవాళ్లు ఎంతకాలం కిందికి చూడకుండా ఉంటారు?

ఏడు నెలలు. ఆ డిసెంబర్‌లో, క్రిస్మస్ ముందు, రెవ్లాన్ ప్రకటించింది. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి మూడేళ్లలో 7,50,000 డాలర్లు. పని ఒక్కటే, డ్రెయిజ్‌కు బదులు వెతకడం. కంపెనీని ఓడించానని స్పైరా చాటుకోలేదు. తోవ చూపించిన కంపెనీ అని మెచ్చుకున్నాడు. పక్క కంపెనీలకు వినిపించాల్సింది ఆ మెప్పే.

వినిపించింది. ఏవన్ కదిలింది. సౌందర్య సాధనాల కంపెనీల సంఘం డబ్బుతో 1981లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రత్యామ్నాయ పరీక్షల కేంద్రం తెరుచుకుంది. 1989లో ఏవన్, రెవ్లాన్ జంతువుల మీద పరీక్షలు ఆపేశామన్నాయి. 2014లో మన దేశం సౌందర్య సాధనాలకు ఆ పరీక్షల్ని నిషేధించింది. 2015లో, మనిషి కణాలతో గాజు గిన్నెలో పెంచిన కంటిపొర మీద చేసే పరీక్షకు అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ ఆమోదం తెలిపింది.

న్యూయార్క్ టైమ్స్‌లో ఆ ప్రకటనకీ ఈ ఆమోదానికీ మధ్య ముప్పై ఐదేళ్లు. స్పైరా 1998లోనే పోయాడు.