డోలు కొట్టనివ్వకపోతే పెట్టె వాయించారు: క్యూబా నుంచి లాటిన్ జాజ్ దాకా



లాటిన్ జాజ్ అంటే న్యూయార్క్ హాళ్ళు, సూట్లు, మెరిసే ట్రంపెట్లు అనుకుంటాం. కానీ దాని అడుగున మోగేది క్యూబా డోలు. ఆ డోలును కాపాడింది బానిసలుగా వచ్చిన ఆఫ్రికా జనం. వాళ్ళ సంగతి మన గ్రూపులో చెప్పుకోవాలని మేం ఈ పోస్టు రాస్తున్నాం.

స్పెయిన్ పాలనలో క్యూబా చెరకు తోటల కోసం లక్షల మంది ఆఫ్రికన్లను ఓడల్లో పట్టుకొచ్చారు. అక్కడ బానిసత్వం రద్దయింది 1886లో. ఊరు పోయింది, పేరు పోయింది, భాష కూడా చాలావరకు పోయింది. అయితే పట్టణాల్లో ఒకే జాతి వాళ్ళు కలిసి సంఘం పెట్టుకునే వీలుండేది. వాటిని కబిల్దోలు అనేవారు. జబ్బు చేస్తే సాయం, చావుకు ఖర్చు, పండగకు ఆటపాట అన్నీ అక్కడే. యోరుబా, కాంగో జాతుల దేవతల పాటలు, దరువులు ఆ సంఘాల ద్వారానే తరం నుంచి తరానికి అందాయి.

హవానా, మతాంజాస్ రేవు పట్టణాల పేటల్లో రుంబా పుట్టింది. డోలు లేనిచోట, కొట్టనివ్వని చోట కూలీలు ఉప్పుచేపలు, కొవ్వొత్తులు వచ్చిన చెక్కపెట్టెల్నే వాయించారు. పక్కన రెండు కర్రముక్కలతో క్లావే అనే తాళం. మొత్తం ఐదు దెబ్బలే, ఒకవైపు మూడు, ఇంకోవైపు రెండు. పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ దానికే కట్టుబడాలి. తూర్పు క్యూబాలో ఈ ఆఫ్రికా తాళాలు స్పెయిన్ గిటార్ పాటతో కలిసి సోన్ అయ్యాయి.

20వ శతాబ్దం మొదట్లో అధికారులు ఈ డోళ్ళను అనాగరికం అన్నారు. పోలీసులు వాటిని పట్టుకుపోయారు. మరి పాటను మాత్రం వదిలారా? 1930లో డాన్ అస్పియాసు బృందం న్యూయార్క్‌లో వేరుశనగలు అమ్మేవాడి పాట వినిపిస్తే అమెరికా ఊగిపోయింది. అది సోన్ పాట. అక్కడి వ్యాపారులు దాన్ని రుంబా అని అమ్ముకున్నారు. వాళ్ళకు పాట చాలు, అది ఎవరిదో అక్కర్లేదు.

దీన్ని మార్చినవాళ్ళు ఉన్నారు. చిన్నప్పుడే చూపు పోయిన అర్సేనియో రోడ్రిగెజ్‌ది కాంగో జాతి కుటుంబం. 1940 ప్రాంతంలో ఆయన కొంగా డోలును సోన్ బృందంలో కూర్చోబెట్టాడు. అదే 1940లో న్యూయార్క్‌లో మచీతో తన బృందానికి ఆఫ్రో-క్యూబన్స్ అని బాహాటంగా పేరు పెట్టాడు. నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టే రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ బృందానికి సంగీతం నడిపిన మారియో బౌసా 1943లో 'తాంగా' కట్టాడు. పైన జాజ్ ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, కింద క్లావే. లాటిన్ జాజ్ ఇక్కడే మొదలైందని చాలామంది చెబుతారు.

1947లో బౌసా హవానా డోలుకారుడు చానో పోజోను డిజ్జీ గిలెస్పీకి పరిచయం చేశాడు. పోజోకు స్వరాలు రాయడం రాదు. ఎవరు ఏం వాయించాలో పాడి చెప్పేవాడు. 'మంతేకా' అలాగే తయారైంది. ఆ సెప్టెంబరులోనే కార్నెగీ హాల్ వేదిక మీద అతని కొంగా మోగింది. మరుసటి ఏడాది డిసెంబరులో హార్లెంలో కాల్చి చంపారు. అప్పటికి వయసు 33. 'మంతేకా' కట్టినవాళ్ళలో అతని పేరు ఇప్పటికీ ఉంది.

నాట్యం లేకుండా ఈ కథ లేదు. 1950ల మొదట్లో ఎన్రికే హోరిన్, ఆడేవాళ్ళు తాళం అందక తడబడటం చూసి దరువును సులువు చేశాడు. నేలమీద వాళ్ళ అడుగుల చప్పుడే చాచాచా అనే పేరైంది.

2011లో గ్రామీ అవార్డుల నుంచి లాటిన్ జాజ్ విభాగాన్నే తీసేశారు. కళాకారులు ఊరుకోలేదు, పోరాడారు. 2012లో మళ్ళీ పెట్టారు. చరిత్ర ఎంత పెద్దదైనా పేరు కోసం కాపలా కాయాల్సిందే అని మనకు అర్థమవుతోంది.

'మంతేకా' వింటే ముందు ట్రంపెట్ కాదు, కింద ఉన్న డోలు వినండి. అలాగే ఈ సెలవులకు ఊరెళ్ళినప్పుడు మన డోలు, తుడుం వాయించే పెద్దల దగ్గర కూర్చుని ఏ దరువు ఏ వేల్పుదో, ఎవరి దగ్గర నేర్చారో అడిగి రాసుకుందాం. వీడియో పెడితే వాయించినవాళ్ళ పేరు, గూడెం పేరు తప్పకుండా రాద్దాం.

జై ఆదివాసీ!