వైఫై చిప్పు కోసం పార్క్‌లేన్ దాకా

2007 ఎండాకాలంలో హనుమకొండలో ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను. అప్పట్లో ఉబుంటు లైనక్స్ సీడీ అడిగినవాళ్లకి పోస్టులో ఉచితంగా వచ్చేది. అదే ఎక్కించాను. స్క్రీన్ వెలిగింది, పాట వినిపించింది, తెలుగు అక్షరాలూ కనిపించాయి. వైఫై మాత్రం రాలేదు. టెర్మినల్‌లో కార్డు నంబరు అడిగితే 14ఈ4:4311 అని చూపించింది. 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్ కంపెనీ. ఆ అంకెలు ఇప్పటికీ నాకు నోటికొచ్చు.

బ్రాడ్‌కామ్ అప్పటికి ఆ కార్డుకి లైనక్స్ డ్రైవర్ ఇవ్వలేదు. చిప్పుతో ఎలా మాట్లాడాలో చెప్పే పత్రాలూ బయటపెట్టలేదు. పైగా మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ చిప్పులోకి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి, దాన్ని సీడీలో పెట్టి పంచే అనుమతి లేదు. నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, బీఎస్‌ఎన్‌ఎల్ మోడెమ్ ఉన్న స్నేహితుడి ఇంటికెళ్లి, కేబుల్ తగిలించి పని మొదలుపెట్టాను.

ఆ రోజు గట్టెక్కించింది ఎన్‌డీఐఎస్ రాపర్. విండోస్ ఎక్స్‌పీ కోసం రాసిన డ్రైవర్‌నే తెచ్చి లైనక్స్ కెర్నెల్‌లో నడిపించే ప్రోగ్రాం అది. డ్రైవర్ విండోస్‌ని ఏది అడిగినా, లైనక్స్ వైపు నుంచి ఇది జవాబిస్తుంది. దాని సోర్స్ ఫైళ్ల మొదట్లో పాంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని అని రెండు పేర్లుంటాయి. గండికోట చరిత్ర చదివినవాళ్లకి పెమ్మసాని అనే ఇంటిపేరు కొత్త కాదు. ఆ పేరు అక్కడ చూసి ఎంత పొంగిపోయానో చెప్పలేను.

కానీ రాపర్ నడిపించే ఆ విండోస్ డ్రైవర్ లోపల ఏముందో ఎవరికీ కనపడదు. మిషన్ బిగుసుకుపోతే తప్పెక్కడుందో వెతికే దారి లేదు. అందుకే కొందరు మరింత కష్టమైన దారి పట్టారు. బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ని విప్పి చూసి, చిప్పు ఎలా పనిచేస్తుందో మామూలు మాటల్లో రాసిపెట్టడం ఒక జట్టు పని. ఆ డ్రైవర్ జోలికే పోకుండా, ఆ రాత చదివి కొత్త కోడ్ రాయడం రెండో జట్టు పని. కాపీ కొట్టారని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఈ కట్టుబాటు. అలా పుట్టిన డ్రైవర్ 2006లో కెర్నెల్ 2.6.17లో చేరింది. మొత్తం కథలో నేను చేతులెత్తి మొక్కేది ఆ రాసిపెట్టినవాళ్లకే.

మెల్లగా కంపెనీలూ కదిలాయి. సెంట్రినో కార్డులకి ఇంటెల్ 2004లోనే డ్రైవర్ పని మొదలుపెట్టింది. 2008లో ఎథెరాస్ తానే ఏటీహెచ్9కే డ్రైవర్‌ని సోర్స్‌తో సహా ఇచ్చేసింది. లాప్‌టాప్ లోపల బిగించే ఆ కార్డులకి ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అక్కర్లేదు. బ్రాడ్‌కామ్ 2010 సెప్టెంబరులో తలుపు తీసింది.

ఎథెరాస్ కబురు తెలిశాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. "వైఫై కార్డే గదన్నా, ఏదైతేంది?" అన్నాడు షాపు కుర్రాడు. "కంపెనీ పేరొద్దు తమ్ముడూ, చిప్పు నంబరు చూపించు" అన్నాను. పాత బోర్డుల కుప్పలోంచి ఏఆర్9280 కార్డొకటి దొరికింది. లాప్‌టాప్ అడుగున మూత తీస్తే రెండు స్క్రూలు, నలుపొకటి తెలుపొకటి రెండు సన్నటి యాంటెన్నా వైర్లు. వాటి చివర పెసరగింజంత ఇత్తడి టోపీ. గోటితో నిటారుగా నొక్కితే టిక్కుమంటుంది. వంకరగా నొక్కితే చితికిపోతుంది. ఆన్ చేయగానే, ఏమీ ఎక్కించకుండానే, చుట్టుపక్కల ఉన్న నెట్‌వర్కుల పేర్లు వచ్చాయి.

అన్ని లాప్‌టాప్‌లూ అలా ఒప్పుకోవు. కొన్ని కంపెనీల బయోస్ తన జాబితాలో లేని కార్డు కనిపిస్తే మిషన్‌ని లేవనివ్వదు. అలా ఒక కార్డు నాకు దండగైంది. యూఎస్‌బీ డాంగుల్స్‌తో ఇంకో చిక్కు. డబ్బా అదే, మోడల్ పేరూ అదే, వెర్షన్ మారితే లోపలి చిప్పు వేరే అయి ఉండొచ్చు.

2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాల్ డిస్క్‌లోనే వస్తోంది. అయినా కొనేముందు చిప్పు నంబరు అడగండి. పాత లాప్‌టాప్ పారేస్తుంటే కార్డు విప్పి, నంబరు రాసి, దాచి ఉంచండి. నా బల్ల సొరుగులో అలాంటివి పదకొండున్నాయి. హనుమకొండ వైపు వచ్చి ఎవరడిగినా ఇస్తాను.