సరస్సు ఒడ్డున వేసవి బడి

జర్మనీ రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ, సమాజం గురించి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులే సదస్సులు జరుపుతుంటారు. కుర్రవాళ్లు పిలిస్తే పెద్దలు వస్తారా అన్న సందేహం ఇప్పుడెవరికీ రాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తల్లో, అదే ప్రాంగణంలో, ఆ సందేహమే కొండలా అడ్డు నిలిచింది.

అప్పుడు ఐరోపా ఆకలితో అలమటిస్తోంది. అక్కడి విద్యార్థులకు తిండిగింజలు పంపాలని హార్వర్డ్ విద్యార్థి సంఘం చందాలు పోగుచేసేది. ఆస్ట్రియా నుంచి వచ్చి హార్వర్డ్‌లో చదువుకుంటున్న క్లెమెన్స్ హెల్లర్‌ని ఒక ప్రశ్న తొలిచేసింది. కడుపుకి తిండి పంపుతున్నాం, సరే. ఏళ్ల తరబడి మంచి పుస్తకానికీ స్వేచ్ఛగా మాట్లాడుకోవడానికీ మొహంవాచిన మనసులకి ఏం పంపాలి? నిన్నటిదాకా ఒకరిమీదొకరు తుపాకులు ఎత్తినవాళ్లని ఒకేచోట కూర్చోబెట్టేదెలా?

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. హెల్లర్ తండ్రి వియన్నాలో ఫ్రాయిడ్ రచనలు అచ్చువేసిన ప్రచురణకర్త. నాజీలు వచ్చాక ఆ పుస్తకాల లోకమే చెదిరిపోయింది.

డిగ్రీ విద్యార్థి రిచర్డ్ క్యాంప్‌బెల్, ఇంగ్లిష్ పాఠాలు చెప్పే యువకుడు స్కాట్ ఎలెడ్జ్ హెల్లర్‌తో చేయి కలిపారు. ఐరోపా నడిబొడ్డున ఒక వేసవి బడి పెట్టి, అమెరికా సాహిత్యం, రాజకీయం, ఆర్థికశాస్త్రం మీద చర్చలు జరపాలన్నది వాళ్ల ఆలోచన. అండగా నిలవమని విశ్వవిద్యాలయ యాజమాన్యాన్ని అడిగితే కాదు పొమ్మంది. ముగ్గురూ వెనక్కి తగ్గలేదు. విద్యార్థి సంఘాన్నే ఆసరా చేసుకుని చందాల కోసం మళ్లీ గడప గడపా తిరిగారు.

డబ్బు కొంత పోగైంది. మరి చోటు? బాంబులతో కూలిన ఊళ్లలో వందమందికి నీడ ఎక్కడ దొరుకుతుంది? అదృష్టం న్యూయార్క్‌లో ఎదురుపడింది. అక్కడ హెల్లర్‌కి అనుకోకుండా హెలెన్ థిమిగ్ కలిసింది. ఆవిడ నటి, పేరుమోసిన రంగస్థల దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ భార్య. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో సరస్సు ఒడ్డున ఉన్న లియోపోల్డ్‌స్క్రోన్ సౌధాన్ని ఆయన 1918లో కొన్నాడు. యూదుడన్న కారణంతో నాజీలు దాన్ని లాక్కున్నారు. తిరిగి చూసుకోకుండానే ఆయన 1943లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. హెల్లర్ చెప్పిందంతా విని, ఆ ఇల్లే వాడుకోండి అంది థిమిగ్.

సాల్జ్‌బర్గ్ అప్పుడు అమెరికా సైన్యం ఏలుబడిలో ఉంది. అనుమతుల కోసం ఎదురుచూపులు, సరుకుల కోసం పరుగులు తప్పలేదు. 1947 జూన్ 5న హార్వర్డ్‌లోనే జార్జ్ మార్షల్ ఐరోపా పునర్నిర్మాణ పథకం గురించి ప్రసంగించాడు. నెల తిరిగాక, జులైలో, ఈ కుర్రవాళ్ల బడి తలుపులు తెరుచుకున్నాయి. దీన్ని తర్వాతివాళ్లు మనసుల కోసం వేసిన మార్షల్ పథకం అన్నారు.

పలు దేశాల నుంచి దాదాపు వందమంది వచ్చారు. నాజీలతో పోరాడినవారి పక్కనే జర్మన్ యువకులూ కూర్చున్నారు. సాహిత్యం చెప్పడానికి ఎఫ్.ఓ. మాథీసన్, ఆర్థికశాస్త్రం చెప్పడానికి వాసిలీ లియోంటిఫ్, సమాజం గురించి చెప్పడానికి మార్గరెట్ మీడ్ వచ్చారు. లియోంటిఫ్‌కి 1973లో నోబెల్ బహుమతి దక్కింది. పగలు పాఠాలు, సాయంత్రం వాదనలు. కుర్రవాళ్లు పిలిస్తే పెద్దలు వస్తారా అన్న సందేహం అక్కడే తీరిపోయింది.

ఒక్క వేసవికని మొదలైన బడి ఆ తర్వాత ఆగలేదు. హెల్లర్ పారిస్ చేరి, చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రాడెల్‌తో కలిసి మరో విద్యాసంస్థకి ప్రాణం పోశాడు. 1959లో ఆ సౌధం ఈ బడి సొంతమైంది. సరస్సు ఒడ్డున ఆ చర్చలు ఇప్పటికీ సాగుతూనే ఉన్నాయి.