సౌండ్ కార్డు వెనక నీలం రంగు జాక్

కంప్యూటర్లో పాటల చరిత్ర అనగానే మన ఐటీ జనం అంతా విన్‌యాంప్ దగ్గర మొదలెడతారు. 1997 ఏప్రిల్, నల్లటి బుల్లి కిటికీ, దాని కింద ప్లేలిస్టు, ఆపైన ఎంపీ3ల వరద. ఆ చరిత్ర తప్పని అనను గానీ, అది సగమే. వినడం గురించి చెప్తుంది, రికార్డు చెయ్యడాన్ని వదిలేస్తుంది.

పాత సీపీయూ ఏదైనా అటకమీద ఉంటే ఓసారి వెనక్కి తిప్పి చూడండి. మూడు రంగుల జాక్‌లు కనపడతాయి. ఆకుపచ్చది స్పీకర్లకి, గులాబీది మైకుకి, నీలంది లైన్-ఇన్‌కి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి రాసిన పీసీ 99 డిజైన్ గైడ్ పుణ్యమా అని ఈ రంగులు స్థిరపడ్డాయి. ఆకుపచ్చది తెలియనివాడు లేడు. గులాబీ దాంతో అమెరికాలో ఉన్న అన్నయ్యతో యాహూలో మాట్లాడేవాళ్ళం. నీలం దాని మీద మాత్రం చాలా ఇళ్ళలో దుమ్ము తప్ప మరోటి వాలలేదు. మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి చూస్తే కంప్యూటర్‌లో ధ్వనికి సంబంధించిన అసలు కథ ఆ నీలం జాక్‌దే అని నా వాదన.

ఈ మూడు ఊళ్ళే ఎందుకంటారా? పద్య నాటకం మా వైపు సరదా కాదు, జబ్బు. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు పుట్టింది బాపట్ల పక్కన ఇటికంపాడులో. ఆడవేషంలో ఆంధ్రదేశాన్ని ఊపేసిన స్థానం నరసింహారావు గారు పుట్టింది బాపట్లలో, పేరు తెచ్చుకుంది తెనాలి రామవిలాస సభతో. 1956లో పద్మశ్రీ ఇచ్చారాయనకి. ఇక వేలు నోట్లో పెట్టుకుని ఈల మీద రాగం పలికించిన ఈలపాట రఘురామయ్య గారూ మా గుంటూరు జిల్లా మనిషే. స్థానం వారి గొంతు మనకి ఎంతోకొంత మిగిలిందంటే గ్రామఫోన్ రికార్డుల వల్ల. కానీ 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. స్టేజి మీద "వన్స్ మోర్" అని జనం అరుస్తుంటే పావుగంట సాగే పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లో కుక్కాలి. ముందుగా కోత పడేది ఎప్పుడూ రాగాలాపనకే.

ఆ కోత లేకుండా చేసింది కేసెట్టు. సీ-90 అయితే ఒక వైపే 45 నిమిషాలు. ఎనభైల్లో కేసెట్లు చవకయ్యాక, గల్ఫు నుంచో మద్రాసు నుంచో టూ-ఇన్-వన్ తెచ్చుకున్న ప్రతి ఔత్సాహికుడూ స్టేజి పక్కన కూర్చుని రికార్డు చేశాడు. రేపల్లెలో మా బాబాయ్ మైకుసెట్టు వాడితో స్నేహం చేసుకుని, ఆంప్లిఫయర్ నుంచే వైరు లాగి రికార్డు చేసేవాడు. తిరనాళ్ళ రాయబారం సీన్లు, హరికథలు, మధ్యమధ్యలో "ఫలానావారు అయిదు రూపాయలు చదివించారు" అనే ప్రకటనలు, అన్నీ కేసెట్టులో ఉండేవి. ఇలాంటి పెట్టె ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నిళ్ళల్లో ఉండేదో!

సరే, అసలు సంగతికొద్దాం. ఇదంతా కంప్యూటర్లోకి ఎప్పుడు ఎక్కగలిగేది?

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్నది కీచుమనే స్పీకరొక్కటే. దానికి తెలిసింది రెండే మాటలు, ఆన్, ఆఫ్. చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ మనిషి గొంతులాంటిది రప్పించిన మహానుభావులు ఉన్నారు. విండోస్ 3.1 కాలంలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన స్పీకర్ డ్రైవర్ చేసేదీ అదే పని. కాకపోతే ఆ ముక్క పలికేదాకా మౌస్ కూడా కదిలేది కాదు. ప్రింటరు పోర్టుకి తగిలించే కోవాక్స్ స్పీచ్ థింగ్ అని ఇంకోటుండేది. విప్పి చూస్తే ప్రధానంగా కొన్ని రెసిస్టర్లు. ఎనిమిది డేటా లైన్లనీ రెసిస్టర్ల నిచ్చెనతో కలిపితే 8 బిట్ల ధ్వని వచ్చేస్తుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చినవాడెవడైనా ఇంట్లో చేసుకోవచ్చు. 1987 నాటి యాడ్‌లిబ్ కార్డు సంగీతం బాగానే వాయించేది గానీ అది యమహా చిప్పు పుట్టించే సంగీతం, బయటి శబ్దాన్ని లోపలికి రానిచ్చేది కాదు.

ఆ తలుపు మామూలు ఇళ్ళకి తెరిచింది సింగపూర్ కంపెనీ క్రియేటివ్. 1989లో వచ్చిన మొదటి సౌండ్ బ్లాస్టర్ 8 బిట్ మోనో. ధ్వనిని వినిపించేటప్పుడు సెకనుకి 23 వేల శాంపిళ్ళ దాకా వెళ్ళేది, రికార్డింగులో మాత్రం సుమారు 12 వేల దగ్గర ఆగిపోయేది. ఆరంభం నుంచీ వినేవాడికి ఒక లెక్క, రికార్డు చేసేవాడికి ఇంకో లెక్క అన్నమాట! 12 వేల శాంపిళ్ళంటే అందులో సగం, అంటే 6 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం ఇంక లేనట్టే. మన 'స'కారం ఒంట్లో సత్తువంతా ఆ పైనే ఉంటుంది. ఫోన్లో 8 వేల శాంపిళ్ళే కాబట్టి 'ఎస్'కీ 'ఎఫ్'కీ తేడా తెలియక, క్లయింటుకి "ఎస్ ఫర్ శామ్" అని చెప్పుకుంటూ బతికిన జాతి మనది, ఈ బాధ మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1992లో సౌండ్ బ్లాస్టర్ 16తో 16 బిట్లు, 44,100 శాంపిళ్ళు, స్టీరియో వచ్చాయి. సీడీతో సమానం, కనీసం కాగితం మీద.

కార్డు రాగానే కష్టాలు తీరాయా? లేదు, అప్పుడే హార్డ్ డిస్కు దగ్గర చిక్కు మొదలైంది. లెక్క చూడండి. సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోదానికి 2 బైట్లు, రెండు చానెళ్ళు, వెరసి సెకనుకి 1,76,400 బైట్లు. ఫ్లాపీ మీద పట్టేది ఎనిమిది సెకన్ల చిల్లర, "బావా ఎప్పుడు వచ్చితీవు" అనేలోపు ఫ్లాపీ నిండిపోతుంది. ఒక సీ-90 కేసెట్టు మొత్తం ఎక్కిస్తే 950 ఎంబీ పైమాటే. 1998లో నేను చూసిన హార్డ్ డిస్కులు 2.1 జీబీవి, ఆ మధ్య కొన్నవాళ్ళకి 4.3. రెండు కేసెట్లు ఎక్కిస్తే విండోస్‌కి ఊపిరాడదు. గ్రామఫోన్ రోజుల్లో మూడు నిమిషాలకి పద్యం కోశారు, కేసెట్టు వచ్చి ఆ కోత తీసేసింది, కంప్యూటరు వచ్చి మళ్ళీ కత్తెర చేతికిచ్చింది.

ఆ ఏడాది సెలవుల్లో మేం చేసిన పని చెప్తాను. కేసెట్లు రేపల్లెలో, కంప్యూటరు తెనాలిలో మా స్నేహితుడి డీటీపీ షాపులో, నా చదువు బాపట్లలో. రేపల్లె పాసింజర్లో వేమూరు, భట్టిప్రోలు మీదుగా కేసెట్ల సంచీ తెనాలి వచ్చేది. పని రాత్రి పూట, పెళ్ళిశుభలేఖల టైపింగు అయ్యాక. అయిన ఫైళ్ళు బాపట్ల హాస్టలుకి వెళ్ళాలంటే హార్డ్ డిస్కు ఊడదీసి తువ్వాల్లో చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళడమే. ఆ రోజుల్లో మాకు తెలిసిన హై స్పీడ్ నెట్‌వర్క్ అదే.

విండోస్‌తో పాటొచ్చే సౌండ్ రికార్డర్‌తో కొంచెం ఆటలాడాం గానీ అది 60 సెకన్లకి టక్కున ఆగేది (ఖాళీ ఫైలు మీద ఖాళీ ఫైలు అతికించి దాన్ని సాగదీసే చిట్కా ఒకటుందిలెండి). చివరికి కూల్ ఎడిట్ 96 దొరికింది. అది షేర్‌వేరు, రిజిస్టర్ చెయ్యకపోతే ఒక్కోసారికి కొన్ని పనులే ఎంచుకోనిచ్చేది. 16 బిట్లు, 22,050 శాంపిళ్ళు, మోనో అని నిర్ణయించాం. స్టేజి మైకు ఎలాగూ ఒకటే, స్టీరియో దేనికి? నిమిషానికి 2.6 ఎంబీ, కేసెట్టుకి 240 ఎంబీ లోపు. ఉన్న జాగాకి అదే సరైన లెక్క.

మిగతా విద్య అంతా కంప్యూటర్ బయటే. టేప్ రికార్డర్ వైరు గులాబీ జాక్‌లో పెడితే గొంతు చిరిగిపోతుంది, ఎందుకంటే మైకు ఇన్‌పుట్ చిన్న సిగ్నల్ని పెద్దది చేసుకోవడానికి పెట్టింది. నీలం దాంట్లోనే పెట్టాలి. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ తాళాల మోత ఎక్కడ బాగా వినపడితే అక్కడ ఆపాలి. ఒక్కో కేసెట్టు ఒక్కో మిషను మీద రికార్డయింది కాబట్టి ప్రతిదానికీ మళ్ళీ తిప్పాలి. ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్గులో పెడితే కిందనుంచి 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం, హార్మోనియం శ్రుతిలో మాత్రం ఉండదు.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. వేవ్ ఫైల్లో మొదటి కొద్ది బైట్లలో "లోపల ఇంత డేటా ఉంది" అని రాసి ఉంటుంది, ఆ అంకె రాసేది రికార్డింగు ఆపాక. మధ్యలో కరెంటు పోతే డేటా అంతా డిస్కు మీదే ఉంటుంది, అది ఉందని చెప్పే ముక్క మాత్రం ఉండదు. ఒక రాత్రి 18 నిమిషాల రాయబారం అలాగే పోయింది. మళ్ళీ కరెంటొచ్చాక స్కాన్‌డిస్క్ నడిచి, దిక్కులేని క్లస్టర్లన్నిటినీ ఫైల్0000.సీహెచ్‌కే అని ఒక మూట కట్టి పెట్టింది. 47 ఎంబీ మూట. సెకనుకి 44,100 బైట్ల లెక్కన భాగిస్తే సరిగ్గా 18 నిమిషాలు! దాన్ని రా డేటాగా తెరిచి, 22,050, 16 బిట్, మోనో అని చెప్పగానే కృష్ణుడు మాట్లాడాడు. డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు కూడా నేనంత ఎగరలేదు.

ఇక ఎంపీ3. ఆ పేరుతో ఫైళ్ళు మొదలైంది 1995 జూలైలో. 128 కేబీపీఎస్‌లో నిమిషానికి ఒక ఎంబీ కన్నా తక్కువ, సీ-90 మొత్తం 86 ఎంబీ. 950 ఎక్కడ, 86 ఎక్కడ! అప్పటి పెంటియంలలో మార్చడానికి టేపు నిడివి కన్నా ఎక్కువ టైమే పట్టేది, రాత్రి పెట్టి పడుకోవడమే. కానీ దీంట్లో ఒక గమ్మత్తుంది. ఎంపీ3 ధ్వనిని 1152 శాంపిళ్ళ ముక్కలుగా, అంటే 26 మిల్లీసెకన్ల తునకలుగా తీసుకుని, మన చెవి పట్టించుకోనిది తీసేస్తుంది. ఈలలాంటి నిలకడైన స్వరానికి ఇబ్బంది లేదు. ఉన్నట్టుండి టక్కుమనే శబ్దమొస్తే మాత్రం ఆ తునకలో చేసిన పొరపాటు శబ్దం కన్నా ముందే వినపడుతుంది, దెబ్బకి ముందు చిన్న గాలివానలాగా. దీన్నే ప్రీ-ఎకో అంటారు. ఇంజనీర్లు దీన్ని పరీక్షించడానికి వాడే ప్రసిద్ధమైన వాద్యం స్పెయిన్ వాళ్ళ కాస్టనెట్స్. చేతిలో పట్టుకుని టకటకలాడించే చెక్కలు. ఎక్కడో విన్నట్టు లేదూ? మన హరిదాసు గారి చిడతలకి దగ్గరి చుట్టాలు! కోడెక్‌లు ఏ పరీక్షలో తడబడేవో సరిగ్గా అదే వాద్యాన్ని చేత్తో పట్టుకుని మా హరిదాసు రాత్రంతా కథ చెప్పేవాడు. అందుకే 64 కేబీపీఎస్‌కి కుదించిన హరికథల్లో చిడతలు ఇసకలో కొట్టినట్టుంటాయి. లేమ్ ఎన్‌కోడర్ బాగుపడ్డాక ఈ బాధ చాలా తగ్గింది, కానీ అప్పటికే కుదించి పారేసినవి మళ్ళీ లేవవు.

సముద్రం అవతల కథ వేరు. 1995లో రియల్ ఆడియో వచ్చాక అమెరికా తెలుగువాళ్ళు మోడెం మీద వినగలిగేలా పాత పాటలు పెట్టడం మొదలెట్టారు. ఎస్‌సీఐటీ న్యూస్‌గ్రూపులో పద్యాల మీద కొట్టుకున్న తరమే అది. ఈమాట పత్రికలో పరుచూరి శ్రీనివాస్ గారు పాత గ్రామఫోన్ పాటలు, రేడియో నాటకాలు సేకరించి వివరాలతో సహా పెట్టిన ఆడియోలు చూస్తే ఒక్కడు ఓపిగ్గా కూర్చుంటే ఎంత పని అవుతుందో తెలుస్తుంది. అంత పని మన ప్రభుత్వ సంస్థలేవన్నా చేసి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది నాకు.

మా ఊళ్ళలో మాత్రం ఆకుపచ్చ జాకే గెలిచింది. 2000 దాటేసరికి కేసెట్టు షాపులే సీడీ షాపులయ్యాయి. ఒక ఎంపీ3 సీడీలో దాదాపు 12 గంటల సినిమా పాటలు! ఎవరికి చేదు? మేమూ తెగ కొన్నాం. కానీ ఒక్కటి ఆలోచించండి. సినిమా పాటకి ఎల్పీ ఉంటుంది, కేసెట్టు ఉంటుంది, వేల ఇళ్ళలో కాపీలుంటాయి. మనం ఎక్కించకపోయినా ఎవడో ఒకడు ఎక్కిస్తాడు. రేపల్లె తిరనాళ్ళలో పాడిన పద్యానికి ప్రపంచం మొత్తం మీద ఉన్నది ఒక్క కేసెట్టు. టేప్ రికార్డరూ సౌండ్ కార్డూ ఒకే బల్ల మీద పనిచేసే స్థితిలో ఉన్న కాలం మహా అయితే పదేళ్ళు. ఆ పదేళ్ళూ మన యంత్రాలు రాత్రింబవళ్ళు కాపీ చేసింది ఎక్కువ కాపీలున్నవాటినే.

ఆ తర్వాత లాప్‌టాప్‌లు వచ్చి నీలం జాక్‌ని ఎత్తేశాయి. ఇప్పుడు యూఎస్‌బీ ముక్క ఒకటి విడిగా కొనుక్కోవాలి. డిస్కు బాధ అసలు లేదు, ఒకప్పుడు హార్డ్ డిస్కుని మింగిన కేసెట్టు ఇప్పుడు ఫోన్లో ఓ మూలకి కూడా రాదు. అందుకని పూర్తి స్టీరియోలో, 44,100లోనో 48,000లోనో వేవ్‌గా ఎక్కించండి, దాచడానికి ఫ్లాక్ వాడండి. "హిస్" తీసేస్తామనే ఫిల్టర్ల జోలికి మొదటి కాపీలో వెళ్ళొద్దు, హిస్‌తో పాటు తాళాలు కూడా పోతాయి. సీ-90లో టేపు పలచన, పాడిందే పాడిస్తే తెగుతుంది. సముద్రపు గాలి తగిలే బాపట్ల, రేపల్లెల్లో రీలు అంచుల మీద తెల్లటి బూజు పడుతుంది. అలాంటి దాన్ని తుడవకుండా డెక్కులో పెడితే ఆ బూజు హెడ్డుకంటి, తర్వాత పెట్టిన మంచి కేసెట్టుకీ అంటుకుంటుంది.

మేం 1998లో ఎక్కించింది 11 కేసెట్లు. బాబాయ్ పెట్టెలో ఇంకో 26 ఉండేవి. బాబాయ్ పోయాక ఇల్లు సర్దుతూ పిన్ని ఆ పెట్టె తెరిస్తే 14 మిగిలాయి. అవి ఇప్పుడు తెనాలిలో నా బీరువాలో ఉన్నాయి. డెక్కుకి రబ్బరు బెల్టు దొరికింది, ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. పదోదాని మీద బాబాయ్ చేతిరాతతో "గయోపాఖ్యానం, రెండో వైపు వాన" అని ఉంది.