ఆరుబయటి రోబోలకు డెప్త్ కెమెరా ఎంపిక

డెప్త్ కెమెరా దృశ్యంలోని ఒక్కో పిక్సెల్‌కు దూరాన్ని లెక్కగట్టి ఇచ్చే పరికరం. పొలాల్లో, గనుల్లో, కాలిబాటల మీద చక్రాలతో తిరిగే రోబోకు ఎదుటి గట్టు, గుంత, రాయి ఎంత దూరంలో ఉన్నాయో దీనివల్ల తెలుస్తుంది. గదిలో చక్కగా పనిచేసిన కెమెరా ఎండలో తేలిపోవడం తరచూ జరిగేదే కాబట్టి ఆరుబయటి ఎంపికను విడిగా చూస్తారు.

చరిత్ర

కెమెరా చూపుతో అడ్డంకులు తప్పించుకున్న తొలి రోబోల్లో స్టాన్‌ఫర్డ్ కార్ట్ ఒకటి. హాన్స్ మొరావెక్ నడిపిన ఈ బండి కుర్చీలు పరిచిన గదిని 1979లో సుమారు 5 గంటల్లో దాటింది. దీనికి 1980 అనే తేదీ కూడా కనిపిస్తుంది. అది ఆయన సిద్ధాంత గ్రంథం వెలువడిన ఏడు, ప్రయోగానికి 1979 సరైనది. బండి మీటరు జరిగి, ఆగి, 10–15 నిమిషాలు లెక్క చేసుకునేది. ఆరుబయట మాత్రం ఈ విరామమే చేటు తెచ్చింది: ఆలోగా నీడలు జరిగిపోవడంతో వాటి అంచులను ఆనవాళ్లుగా పట్టుకున్న ప్రోగ్రాం తికమకపడింది.

2004లో అంగారకుడిపై దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు జంట కెమెరాలతోనే దారి చూసుకున్నాయి. డెప్త్ కెమెరాను సామాన్య ప్రయోగశాలలకు చేర్చింది మాత్రం 2010 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ కినెక్ట్.

రకాలు, ఎండ ప్రభావం

కినెక్ట్ తొలి నమూనా పరారుణ చుక్కల నమూనాను ఎదుటి వస్తువుల మీద వేసి, చుక్కలు జరిగిన తీరును బట్టి దూరం గణించేది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ చుక్కలు కొట్టుకుపోతాయి. కాంతి వెళ్లి తిరిగి వచ్చే సమయాన్ని కొలిచే టైమ్ ఆఫ్ ఫ్లైట్ కెమెరాలకూ సూర్యుడు పోటీయే. వాతావరణంలోని నీటి ఆవిరి 940 నానోమీటర్ల దగ్గర సూర్యకాంతిని కొంత పీల్చుకుంటుంది గనుక, ఈ రకంలో 850 కంటే 940 నానోమీటర్ల దీపం ఎండకు నయం. అయితే ఆ తరంగదైర్ఘ్యం వద్ద సిలికాన్ సెన్సరు స్పందన తగ్గుతుంది.

రెండు కెమెరాల చిత్రాలను పోల్చే స్టీరియో పద్ధతికి ఎండే దీపం. ఆరుబయటి రోబోలకు సాధారణంగా దీన్నే ముందు పరిశీలించాలి. స్టీరియో కెమెరాల్లోనూ చుక్కల ప్రొజెక్టరు ఉండవచ్చు. అది మసక చీకటిలో, నున్నని గోడల ముందు అక్కరకొస్తుంది.

బేస్‌లైన్, దూరం

రెండు కటకాల మధ్య ఎడమే బేస్‌లైన్. స్టీరియోలో దూరం రెట్టింపైతే లోపం నాలుగింతలవుతుంది. బేస్‌లైన్ రెట్టింపైతే లోపం సగమవుతుంది. ఫోకల్ దూరం 450 పిక్సెళ్లు, బేస్‌లైన్ 5 సెంటీమీటర్లు, పోలికలో పొరపాటు పిక్సెల్‌లో పదో వంతు అనుకుంటే, 4 మీటర్ల వద్ద లోపం సుమారు 7 సెంటీమీటర్లు, 8 మీటర్ల వద్ద 28. బేస్‌లైన్ మరీ పెరిగితే దగ్గరి వస్తువులు కనిపించవు. స్టీరియో కెమెరాల్లో ఇంటెల్ రియల్‌సెన్స్ డీ435 బేస్‌లైన్ 50 మిల్లీమీటర్లు, డీ455ది 95, జెడ్‌ఈడీ 2ది 120.

ప్రకటించిన పరిధుల్లో పొంతన తక్కువ. డీ435కు తొలుత 10 మీటర్ల వరకు అన్నారు. తర్వాతి పట్టికల్లో అనువైన పరిధి 0.3–3 మీటర్లుగా ఉంది. మొదటిది ఏదో ఒకటి కనిపించే దూరం, రెండోది నమ్మదగిన దూరం. ఆగాలా వద్దా అనే నిర్ణయానికి రెండోదే ఆధారం.

కావలసిన పరిధి రోబో వేగాన్ని బట్టి తేలుతుంది. సెకనుకు 2 మీటర్ల వేగం, స్పందనకు అర సెకను, సెకనుకు 1 మీటరు చొప్పున వేగం తగ్గించే బ్రేకు ఉంటే, ఆగడానికి 3 మీటర్లు పడుతుంది. కెమెరా అంతకు మించి చూడాలి.

ఇతర అంశాలు

గతుకుల నేల మీద గ్లోబల్ షట్టర్ దాదాపు తప్పనిసరి. వరుసలవారీగా చిత్రం తీసే రోలింగ్ షట్టర్‌లో అదురుకు ఆకారాలు వంకరపోతాయి. డీ435లో డెప్త్ సెన్సర్లు మొదటి రకం, డీ415లో రెండో రకం. దుమ్ము, వాన తట్టుకునే తొడుగు, ఊడిపోని కనెక్టరు కూడా చూసుకోవాలి.

నేల తీరు మరో అంశం. కంకర, గడ్డి స్టీరియోకు అనుకూలం. సున్నం వేసిన గోడ, ఒకేలాంటి ఊచల కంచె ప్రతికూలం. నిలిచిన నీటిలో ఆకాశం ప్రతిఫలిస్తే బెత్తెడు లోతు గుంత పెద్ద గొయ్యిగా నమోదు కావచ్చు. బండి తొక్కుకుంటూ పోగల గడ్డి గోడలా కనిపించవచ్చు.

లభ్యతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అజూర్ కినెక్ట్ తయారీ 2023లో ఆగింది. రియల్‌సెన్స్ విభాగాన్ని కుదిస్తున్నట్లు ఇంటెల్ 2021లో ప్రకటించింది. 2025లో అది విడి సంస్థ అయింది.

భారతీయ ఉదాహరణ

2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్‌కు ముందు భాగాన జంట నావిగేషన్ కెమెరాలు ఉన్నాయి. ఆగస్టు 27న 4 మీటర్ల వ్యాసం గల గొయ్యి 3 మీటర్ల ముందు ఎదురవడంతో దాన్ని వెనక్కి మళ్లించారు. సెకనుకు 1 సెంటీమీటరు నడిచే ఆ రోవర్‌కు 3 మీటర్లంటే 5 నిమిషాల గడువు. పైన లెక్కించిన రోబోకు అదే దూరం బొటాబొటిగా సరిపోతుంది.