బుఖారా చేజారిన బుఖారా అమీర్లు

దుషాంబే బజారులో ఖర్బూజా కొన్నా, టాక్సీ ఎక్కినా ఇచ్చేది సొమోనీలే. తజికిస్తాన్ తన డబ్బుకు పెట్టుకున్న ఈ పేరు వెయ్యేళ్ల కిందటి సామానీ వంశానిది. వంద సొమోనీల నోటు మీద ఉన్నది ఇస్మాయిల్ సామానీ. ఊరి నడిబొడ్డున లెనిన్ విగ్రహం తీసేసిన చోట కొన్నాళ్లు ఫిర్దౌసి ఉన్నాడు, 1999 నుంచి ఇస్మాయిలే. 7495 మీటర్ల శిఖరానికి మొదట స్టాలిన్ పేరు, తర్వాత కమ్యూనిజం పేరు. ఇప్పుడు దానికీ ఈయన పేరే. సోవియట్ పోయాక కొత్త దేశానికి ఒక మూలపురుషుడు కావలసి వచ్చాడు మరి. చిక్కల్లా ఆయన ఏలిన బుఖారా, ఆయన సమాధి రెండూ పక్కదేశం ఉజ్బెకిస్తాన్‌లో ఉండిపోవడమే.

ఆ సమాధి చూసి తీరాలి. పెద్దదేం కాదు. రంగు పలకల జోలికి పోకుండా, కాల్చిన ఇటుకనే నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పేర్చి తడిక అల్లినట్టు గోడలు లేపారు. పొద్దు కదిలేకొద్దీ ఇటుకల నీడలు మారి గోడ కొత్తగా కనిపిస్తుంది. సమర్‌ఖండ్ నీలి గుమ్మటాలకు జనం ఎగబడతారు గానీ, నా ఓటు దీనికే.

819 ప్రాంతంలో ఈ వంశానికి పేరిచ్చిన సామాన్ ఖుదా మనవలు నలుగురికి ఖలీఫా మామూన్ చలవతో తలా ఒక సీమ దక్కింది. 900లో బల్ఖ్ దగ్గర సఫారీ పాలకుడు అమ్ర్‌ను ఇస్మాయిల్ బందీ చేశాక ఖురాసాన్ కూడా చేతికొచ్చింది. పారశీక కవిత్వం మళ్లీ తలెత్తింది వీళ్ల నీడనే. కవి రూదకీ అయితే తజికిస్తాన్‌లోని పంజకెంట్ పక్క పల్లెలోనే పుట్టాడు. వైద్యుడు ఇబ్న్ సీనా కుర్రతనంలో చదివింది వీళ్ల గ్రంథాలయంలో. ఇదంతా ఇక్కడివాళ్లు ఛాతీ విరుచుకుని చెబుతారు.

అంత ఉత్సాహంగా చెప్పనిది బానిసల వ్యాపారం. స్టెప్పీ మైదానాల్లో పట్టిన తుర్కు కుర్రాళ్లను ఈ అమీర్ల సంతల్లో అమ్మేవారు. చురుకైనవాళ్లను సైన్యంలో పెట్టుకునేవారు. అలా పైకొచ్చిన సేనాని అల్ప్‌తగీన్, 961లో వారసుడి పేచీలో కొలువుతో చెడి గజనీ దారి పట్టాడు. అతని బానిస సబుక్తగీన్. ఆ సబుక్తగీన్ కొడుకే మనం బడిలో చదువుకున్న గజనీ మహమ్మద్.

999లో మహమ్మద్ ఖురాసాన్ కాజేశాడు. అదే ఏడు కారాఖానీ తుర్కులు బుఖారా మీదికొచ్చారు. ఆయుధం పట్టమని సామానీలు మసీదుల్లో పిలుపునిప్పించారు. జనం మతపండితులను అడిగితే, వచ్చేదీ ముస్లింలే, గద్దె కోసం వాళ్లు కొట్టుకుంటే మీరెందుకు చావడమన్నారు. పౌరులెవరూ గడప దాటలేదు. బుఖారా చేజారింది. ముంతసిర్ అనే సామానీ రాకుమారుడు మాత్రం ఆడవేషంలో చెర తప్పించుకుని, 1005లో ఒక అరబ్బు సంచార తెగ చేతిలో చచ్చేదాకా ఆ గద్దె కోసం పోరాడుతూనే ఉన్నాడు.